తోడు అడిగిన మనిషి

"పెద్దాయనా, ఆ క్యాన్ లోపలికి తేకూడదు. టూరు చివర ఎవరికైనా ఒక్క గ్లాసు బీరే ఇస్తాం."

రోస్వితా మాటకి టూరుకి వచ్చినవాళ్లంతా నవ్వారు.

ముసలాయన కూడా నవ్వాడు. చేతిలోని సొట్టల పాలక్యాన్‌ని గేటు పక్కన గోడవారగా పెట్టి, గుంపు వెనక నడిచాడు.

రోస్వితా ఆ పెద్ద బ్రూవరీలో గైడు. మొన్నటిదాకా మ్యూనిక్‌లో హోటల్ ఉద్యోగం. ఈ కొండపల్లెలకి కొత్త, బీరు సంగతులకి ఇంకా కొత్త. మాటకారి కాబట్టి నెగ్గుకొస్తోంది.

ముందు రాతి నేలమాళిగలో పాత చెక్క పీపాలు చూపించింది. తర్వాత మూడంతస్తుల ఎత్తున్న స్టీలు ట్యాంకులు. చివరికి గాజు వెనక నురగ పొంగుతున్న ఈస్ట్ దగ్గర ఆగింది.

పాలకి తోడు ఎలాగో బీరుకి ఈస్ట్ అలాగ. రుచంతా దాన్నిబట్టే.

"ఈ తోడు ప్రపంచంలో మా దగ్గర తప్ప ఎక్కడా లేదు," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు రోజూ ఒక మెట్టు పైకెక్కుతుంది.

ముసలాయన గాజుకి మొహం ఆనించి చూశాడు.

"బాగా చూసుకున్నారమ్మా," అన్నాడు.

ఈయన మెప్పు ఎవరికి కావాలట అనుకుంది రోస్వితా.

అందరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాక ఆయన ఆమె దగ్గరికొచ్చాడు. తన పేరు అలోయిస్ అనీ, కొండ అవతల ఊళ్లో చిన్న బ్రూవరీ ఉందనీ, తన తోడు పాడైపోయిందనీ చెప్పాడు. ఊరి చర్చి పండగకి బీరు కాయాలి. ఒక్క క్యాన్ తోడు కావాలి.

"బయట ల్యాబుల్లో అమ్ముతారట కదండీ?"

"అమ్ముతారు. దాంతో మా ఊరి బీరు రాదమ్మా. ఇక్కడిదే కావాలి. అలోయిస్ వచ్చాడని హార్ట్‌విగ్‌తో ఒక్క మాట చెప్పు, చాలు."

హార్ట్‌విగ్ అక్కడ బీరు కాచేవాళ్లందరికీ పెద్ద. పై గదిలోనే ఉన్నాడు. కానీ క్యాన్ పట్టుకుని అడుక్కోవడానికి వచ్చినవాడి కోసం అంతటి మనిషిని కిందికి పిలిస్తే చీవాట్లు తప్పవనిపించింది ఆమెకి.

"ఆయన ఊళ్లో లేరండీ," అంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి హార్ట్‌విగ్ దగ్గు వినిపించింది.

అలోయిస్ తలెత్తి పైకి చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

"సరేనమ్మా," అని వెళ్లిపోయాడు. గ్లాసు ముట్టుకోలేదు. క్యాన్ కూడా మరిచిపోయాడు.

ఆ క్యాన్ రోస్వితాని స్థిమితంగా ఉండనివ్వలేదు. వస్తూ పోతూ కళ్లబడుతూనే ఉంది. చిన్న అబద్ధమే కదా అని తనకి తను సర్దిచెప్పుకుంది. ఆ దగ్గు మాత్రం చెవుల్లోంచి పోలేదు.

ఉండబట్టలేక, పండగనాడు క్యాన్ కారులో పెట్టుకుని ఆ ఊరు వెళ్లింది. క్షమించమని అడిగి, హార్ట్‌విగ్‌తో చెప్పి తోడు ఇప్పిస్తానని మాటివ్వాలనుకుంది.

అలోయిస్ బ్రూవరీకి తాళం వేసి ఉంది. బీరు కాచే రాగి కాగు అమ్మేశాడట. పందిట్లో జనం తాగుతున్నవన్నీ రోస్వితా పనిచేసే కంపెనీ సీసాలే.

పందిట్లోనే కనిపించిన అలోయిస్‌కి తను చేసిన తప్పు చెప్పబోతే ఆయన చెప్పనివ్వలేదు.

"ఇప్పుడెందుకులేమ్మా. పైనుంచి చెప్పమన్నదే చెప్పి ఉంటావు. క్యాన్ హార్ట్‌విగ్‌కి ఇచ్చెయ్. నాకేమీ కోపం లేదని చెప్పు."

దారి పొడుగునా ఆమెకి ఆ మాటే గుచ్చుకుంది. తను ఆడిన అబద్ధం హార్ట్‌విగ్ ఆడించిందని ఆయన అనుకుంటున్నాడు.

క్యాన్ హార్ట్‌విగ్ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పేసింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

హార్ట్‌విగ్ తిట్టలేదు. క్యాన్ సొట్టల్ని వేలితో తడిమాడు.

"ఈ చుట్టుపక్కల తోడు అడిగితే ఎవరూ లేదనరు రోస్వితా," అన్నాడు. "నేను పనిలో చేరిన కొత్తలో మన తోడు మొత్తం చచ్చిపోతే, మంచులో బళ్లు కూడా కదలని రోజున, ఈ క్యాన్‌నిండా తన తోడు మోసుకొచ్చి ఇచ్చాడు అలోయిస్, నువ్వు రోజూ గాజులోంచి చూపించేది అదే."