అమడోర్ రాలేదు

పరుగున వచ్చిన నయేలి కాలు తగిలి, కాలేజీ మెట్ల మీద కూర్చున్న పెద్దాయన కాఫీ ఒలికిపోయింది.

అసలే ఫ్రెస్నోలో జనవరి పొగమంచు. ఎదుటి మనిషి కనిపిస్తే గొప్ప.

"దారిలోనా పెద్దాయనా కూర్చునేది?" తప్పు తనదే అయినా ఆయన్నే విసుక్కుంది.

ఆయన గడ్డి టోపీ సర్దుకుని నవ్వాడు. "ఎందుకమ్మా అంత కంగారు? క్లాసుకి ఇంకా టైముందిగా."

"సీటున్నవాళ్ళకి ఉంటుంది టైము. కెమిస్ట్రీ నిండిపోయింది. నేను వెయిటింగులో ఉన్నా."

"వచ్చే టర్ములో చదువుకోవచ్చుగా?"

"ఇప్పుడు పూర్తిచేస్తేనే యూనివర్సిటీలో వ్యవసాయం డిగ్రీకి మారనిస్తారు. ఏడాది ఆగానంటే మా నాన్న నన్ను ప్యాకింగ్ షెడ్డులో పెట్టేస్తాడు. ఇక చదువూ లేదు, గిదువూ లేదు."

"వ్యవసాయానికి డిగ్రీ ఎందుకే తల్లీ? పుట్టిందగ్గర్నుంచీ చేస్తున్నదేగా మనం."

"మా నాన్న పనిచేసే ద్రాక్షతోటలో నేల మీద తెల్లగా ఉప్పు తేలుతోంది. తీగలు చచ్చిపోతున్నాయి. ఎందుకో నాకు తెలుసుకోవాలనుంది."

"నాకూ..." అని ఆగిపోయాడాయన.

"మీకేంలెండి. పిల్లల్ని దింపేసి హాయిగా కాఫీ తాగుతున్నారు. మా బాధ మీకేం తెలుస్తుంది."

ఆ మాట గట్టిగానే తగిలినట్టుంది.

"వెయిటింగులో నీ పేరు ఎన్నోది?"

"మొదటిది నాదే. మొదటిరోజు హాజరుకి పలకనివాళ్ళ పేరు కొట్టేస్తారు. ఒక్కరు రాకపోతే చాలు."

"అయితే వెళ్ళు. తలుపు దగ్గరే నిలబడు." ఆయన ఖాళీ ఫ్లాస్కు అందుకుని లేచాడు. "నాకూ తోటలో కొమ్మల కత్తిరింపు ఉంది."

లోపల గోడకి ఆనుకుని నిలబడింది నయేలి. ఎవరో ఒకరు ముసుగుతన్ని పడుకుని ఉండాలని గ్వాడలూపె తల్లికి మొక్కుకుంది.

వాంగ్ మేడం పేర్లు పిలుస్తోంది. దరిద్రం, అందరూ పలుకుతున్నారు.

"అమడోర్ కిరోజ్?"

జవాబు లేదు.

"అమడోర్ రాకపోవడమా?" మేడం తలుపు వైపు చూసింది. మళ్ళీ పిలిచింది. చివరికి నిట్టూర్చి పేరు కొట్టేసింది. "నయేలీ, వచ్చి కూర్చో."

ఎవడో కడుపు నిండిన బేరం అనుకుంటూ, ముందు వరసలోని ఆ కుర్చీలో కూలబడింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ టర్మంతా, పొద్దున్నే లేవబుద్ధి కానప్పుడల్లా "అమడోర్‌లా పడుకోకే" అని తనని తానే తిట్టుకునేది.

కెమిస్ట్రీ గట్టెక్కింది. యూనివర్సిటీ రమ్మంది. నాన్న తోటంతా చెప్పుకుని తిరిగాడు.

ఆగస్టులో, వెళ్ళే ముందు, అమ్మ మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలెలు పట్టుకుని వాంగ్ మేడం దగ్గరికి వచ్చింది. కొత్త టర్ము మొదటిరోజు. లోపల హాజరు నడుస్తోంది. గుమ్మం బయటే ఆగింది.

"అమడోర్ కిరోజ్?"

నయేలికి నవ్వొచ్చింది. నిద్ర లేచాడా మహానుభావుడు అనుకుంది.

"ఉన్నాను మేడం."

"ఈసారైనా వచ్చారు. ఆ ఒక్కరోజు రాక, వ్యవసాయం డిగ్రీని ఏడాది వెనక్కి నెట్టుకున్నారు కదండీ."

"నేల ఎక్కడికి పోతుంది మేడం? వచ్చే ఏడాది వెళ్తాను."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించి, నయేలి లోపలికి తొంగిచూసింది.

ముందు వరసలో, మొన్నటిదాకా తను కూర్చున్న కుర్చీలో, గడ్డి టోపీ ఒళ్ళో పెట్టుకుని చెయ్యెత్తి ఉన్నాడు ఆ మెట్ల మీది పెద్దాయన.