కాలరు మూల కుట్టు

"ఇది నేను కుట్టిందే," అంది కాలరమ్మ.

కూతురు కంగారుగా చుట్టూ చూసింది. పెద్ద బట్టల దుకాణం. వరసగా వేలాడుతున్న చొక్కాల్లో అప్పటికే ఆరింటి కాలర్లు తిరగేసి ఉన్నాయి. కాపలా మనిషి రెండోసారి ఇటుగా వచ్చి, ఒకసారి దగ్గి వెళ్ళాడు.

"నెమ్మదిగా అమ్మా. మీ ఫ్యాక్టరీ మూసేసి రెండేళ్ళయింది."

"అందుకే కదే మతి పోతోంది."

ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. పంతొమ్మిదేళ్ళు ఒకే మిషను ముందు కూర్చుని చొక్కాలకు కాలర్లు మాత్రమే కుట్టింది కాబట్టి అందరికీ కాలరమ్మ అయిపోయింది. జేబులు కుట్టేవాళ్ళు వేరు, చేతులు కుట్టేవాళ్ళు వేరు. మొత్తం చొక్కా కుట్టమంటే ఆమె ఇప్పటికీ తడుముకుంటుంది. కాలరు మాత్రం కళ్ళు మూసుకుని కుడుతుంది.

ఆమె కుట్టిన ప్రతి కాలరుకూ అడుగున, ఎడమ మూలలో, ఒక్క కుట్టు పక్కకు వాలి ఉంటుంది. అది సొగసు కోసం వేసింది కాదు. గంటకు నలభై కాలర్లు చాలన్న కంపెనీ అరవై కావాలన్న నెలలో ఆమె ఎడమ చూపుడు వేలు సూది కిందికి వెళ్ళింది. సూది లోపలే విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేలి కొస కొక్కెంలా వంగిపోయి ఉంది. అప్పటి నుంచి మూల తిప్పేటప్పుడు బట్ట ఆ వేలి కింద వెంట్రుకవాసి జారేది, ఒక కుట్టు వాలేది. సూపర్‌వైజరు మొదట్లో చిందులు తొక్కి, కాలరు అడుగున ఎవరు చూడొచ్చారులే అని వదిలేశాడు.

ఇప్పుడు ఆ వాలు కుట్టు ఆరు చొక్కాలకూ ఉంది. చొక్కాలు చూస్తే ఈ ఏడాదివి. లేబులు మీద ఏదో దూరదేశం పేరుంది.

"నా వేలు నా దగ్గరే ఉంది కదా! నిద్రలో గానీ వెళ్ళి కుట్టి వస్తున్నానా?"

కూతురికి నవ్వొచ్చింది కానీ తల్లి మొహం చూసి ఆపుకుంది. ఆర్డర్లు లేవనే ఫ్యాక్టరీ మూశారు. మళ్ళీ వస్తే మొదటి కబురు నీకేనని సూపర్‌వైజరు మాటిచ్చాడు. ఈ రెండేళ్ళూ ప్యాంట్లకు జిప్పులు మారుస్తూ ఆమె ఆ కబురు కోసమే చూస్తోంది. చొక్కాలు తయారవుతున్నాయంటే పని ఎక్కడో ఉన్నట్టే. కూతురు వద్దంటున్నా ఒకటి కొనేసింది.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరును వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన ఇప్పుడు బస్సులు ఆగే చోట ఫోన్ల కవర్లు అమ్ముకుంటున్నాడు. కాలరు తిరగేసి చూసి, "మీదే," అన్నాడు వెంటనే. లేబులు చదివాక నవ్వు తగ్గింది.

"ఆఖరి ఏడాది ఎనిమిది మంది ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి వచ్చారు, గుర్తుందా? ఆ పిల్లల దేశంలోనే కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ జీతాలు మనలో సగం. మన మిషన్లు కూడా ఓడెక్కి అక్కడికే వెళ్ళాయి."

"మరి ఆర్డర్లు లేవన్నారు కద సార్?"

"అనమన్నారు, అన్నాను. నన్నూ ఆ నెలలోనే పంపేశారు కదమ్మా."

కాలరమ్మకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఈయన మీదంటే ఎండలో నిలబడి కవర్లు అమ్ముతున్నాడు. కంపెనీ మీదంటే అది ఏ ఊళ్ళో ఉందో, దాని మొహం ఎలా ఉంటుందో ఎన్నడూ చూసింది లేదు. చివరికి ఆమెకు తెలిసిన మొహం ఒక్కటే గుర్తొచ్చింది. నలభై రోజులు తన పక్కన కూర్చున్న పిల్ల. భాష రాదు. తనే చేతిమీద చేయి వేసి నేర్పింది. ఆ పిల్లకు వచ్చిన తెలుగు ముక్క ఒక్కటే, 'వేలు జాగ్రత్త'. వెళ్ళేరోజున కూడా నోరు తిరక్కపోయినా అదే మాట చెప్పి, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

"పని నేర్చుకుంది సరే. నా వంకర కుట్టు దానికెలా వచ్చింది?"

"మిమ్మల్ని చూసే కదా నేర్చుకుంది. తప్పు కూడా పాఠమే అనుకునుంటుంది. ఇప్పుడు అక్కడ గంటకి తొంభై కుట్టిస్తున్నారట."

ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే అనుకుంది కాలరమ్మ. నా పని తీసుకెళ్ళింది చాలక నా కుట్టు కూడా ఎత్తుకుపోతుందా! "దాని చెయ్యి పడిపోను," అని దారంతా తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

తిట్టినా మనసు కుదుట పడలేదు. పంతొమ్మిదేళ్ళలో పక్క మిషన్ల వాళ్ళు ఎందరో ఆమెను చూశారు. ఒక్కరికీ ఆ కుట్టు పడలేదు. కూతుర్ని మిషను ముందు కూర్చోబెట్టి, పాత గుడ్డముక్కలు ఇచ్చి, తన చేయి చూపించింది.

"ఇలా వేలు వంచి మూల తిప్పు."

కూతురు వంచింది. కుట్టు తిన్నగా పడింది. మళ్ళీ వంచింది. మూల దగ్గరికి రాగానే మంచి వేలు దానంతట అదే చాచుకుని బట్టను అదిమేస్తోంది. తొమ్మిది ముక్కలయ్యాయి. తొమ్మిదీ తిన్నగానే ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్టే చేస్తున్నానమ్మా. రావట్లేదు. మరి ఆ అమ్మాయికి ఎలా వచ్చింది?"

కాలరమ్మ కొత్త చొక్కా ఒళ్ళోకి తీసుకుంది. కాలరు తిరగేసి, ఆ వాలు కుట్టు మీద తన వంకర వేలిని ఆనించింది.

"ఆ పిల్ల వేలికీ సూది దిగిందే."