మాడిన తాలింపు

చనిపోబోయే తల్లులు తమ గొంతును వంటింటి గోడలో వదిలి వెళ్లే రోజులవి. పిల్లలు సొంతంగా బతకడానికి కావలసిన పనులన్నీ ఆ గొంతు ఓపిగ్గా నేర్పుతుంది. ఆఖరి పని కూడా వచ్చేశాక తనంతట తానే ఆగిపోతుంది, ఇక పలకదు.

నీహారిక పోయి రెండేళ్లయింది. ఆమె గొంతు పదహారేళ్ల కూతురు మేదినికి బట్టలుతకడం, ఇస్త్రీ, అన్నం వార్చడం అన్నీ నేర్పేసింది. ఇక మిగిలింది చారు తాలింపు ఒక్కటే. దాన్ని నాలుగు నెలలుగా మేదిని మాడుస్తూనే ఉంది.

"ఫర్వాలేదులే తల్లీ, రేపు మళ్లీ చూద్దాం," అనేది గోడ.

తండ్రి సాకేత్ ఆ చేదు చారే పోసుకుని కిమ్మనకుండా తినేవాడు.

ఒక ఆదివారం సాకేత్ కూతురితో తన అక్క ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నాడు. చారు ఘుమఘుమలాడుతోంది. "నీ కూతురే పెట్టిందిరా," అంది అక్క. మేదిని తల వంచుకుంది.

మర్నాడు సాకేత్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవాలు చిటపటలాడుతున్నాయి.

"ఇప్పుడు మంట తగ్గించు తల్లీ," అంది నీహారిక గొంతు.

తండ్రిని చూసి, ఇక దాచి లాభం లేదనుకుని, మేదిని స్టవ్ వైపు చెయ్యి చాపింది. సాకేత్ ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి, మంట ఇంకాస్త పెంచాడు.