పారువేట కుందేలు

“ఈసారి కుక్కలు గూడా వస్తాండాయి హనుమంతక్కా. నీ కుందేలు యాడికి పోతాదో నేనూ చూస్తా,” అన్నాడు ఓబులేసు, కంపకంచె అవతల నిలబడి. అతని చేతిలో తాడును రెండు వేటకుక్కలు తోటవైపు గుంజుతున్నాయి.

కనకాంబరాలు కోస్తున్న మద్దిలేటి చెయ్యి ఆగిపోయింది.

“స్వామి ముందర కుక్కలేందిరా? ఎప్పుడన్నా ఉండాదా?” అంది హనుమంతమ్మ.

“రెండేండ్లు వరసగా తప్పిచ్చుకునె. కోయిలకుంట్ల సంతలో గూడా మమ్మల్ని చూసి నవ్వుతాండారు.”

“ఊరు ఊరంతా తరిమి ఒక్క కుందేలును పట్టలేకపోతే నవ్వరా మరి?”

ఓబులేసు మూతి బిగించాడు. “ఈ పొద్దు దొరికిందనుకో, రేపే నీ తోట సుట్టూ వలలు. ఒక్కదాన్ని గూడా ఇడిసిపెట్టను. పెద్దరెడ్డి సరే అన్న్యాడు.”

“తప్పిచ్చుకుంటే?”

“నా వలలు తెచ్చి గుడి మండపానికి ఏలాడగడతా. మళ్లీ ముట్టను.”

“ఈ మాట పల్లకీ కాడ, పదిమందిలో చెప్పు.”

“చెప్తా. నాకేం బయమా?”

ఆ ఊళ్లో చెన్నకేశవస్వామి వేటకు బయలుదేరే పండగ, పారువేటకు బతికున్న కుందేలు కావాలి. పల్లకీ వాగు గట్టున దించి, స్వామి ఎదుట కుందేలును వదులుతారు. పడుచువాళ్లు తరుముతారు. పట్టినవాడికి గుడి తలపాగా, కుందేలు వాడింటి కూర. హనుమంతమ్మ తోట వాగుకు అవతలి గట్టున ఉంది. ఆ బావిలో ఊట తగ్గదు. చుట్టూ నేల బీటలిచ్చినా అక్కడ పచ్చగా ఉంటుంది కాబట్టి గుట్టమీది కుందేళ్లన్నీ అక్కడికే వస్తాయి. అందుకని ఏటా ఆమే ఒకదాన్ని ఇవ్వాలని పెద్దరెడ్డి కట్టడి చేశాడు. ఇవ్వకపోతే వలలే.

ఓబులేసు వెళ్లాక మద్దిలేటికి పూల మీద ధ్యాస నిలవలేదు. గుడికి పూలు తెచ్చే పని అతనిది. కోయడానికి పట్టేది కాసేపే, తెల్లవారుజామునే రావడం మాత్రం కుందేళ్ల కోసం. శనగచాళ్లలో రెండు వెనక కాళ్ల మీద లేచి కొట్టుకుంటాయి. ఒకటి ముందుకాళ్లతో చెవి కిందికి వంచుకుని, పెండ్లికి పోయేదానిలా దువ్వుకుంటుంది. హనుమంతమ్మ కరువులో గంజి పోయించుకున్న రేకుబొచ్చెను పుల్లతో టకటకా వాయిస్తే చిలకలు గుంపుగా లేచిపోతాయి. కుందేళ్లు కదలవు. “నీ వాయింపుడుకు ఇవి బెదరవేందమ్మా?” అంటే, “వాటికి చెవులు పెద్దవి గాని బయం సిన్నదన్నా,” అని నవ్వేది.

ఈ పొద్దు ఆమె నవ్వలేదు. మూతపెట్టిన గంప తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఏదాన్నిస్తాండావు తల్లీ?”

“సూలుదాన్ని ఇయ్యను. పిల్లదాన్ని ఇయ్యను. ఇదే ఇచ్చేది.”

గంపలో చప్పుడే లేదు. భయానికి బిగుసుకుపోయిందేమో అనుకున్నాడు మద్దిలేటి. పోయినేడూ అంతే, ముందటేడూ అంతే. తన చేతులతో మోసుకుపోయి చావుకు వదలడం. ఏ ఏడూ దాని మొహంలోకి చూసే ధైర్యం చాలలేదు.

“నువ్వు రావా?”

“నేను చూడలేనన్నా. ఈడనే పిట్టలు తోలుకుంటా.”

వాగు గట్టున జనం కిక్కిరిశారు. ఓబులేసు పెద్దరెడ్డి ఎదుట తన పందెం చెప్పాడు. మద్దిలేటి తల పక్కకు తిప్పుకుని, తడుముకుంటూ కుందేలు కుడిచెవికి పసుపు పూశాడు. కుందేలును వదిలేటప్పుడు తప్పెట్లు ఆగాలి. ఆగాయి. ఆ నిశ్శబ్దంలో వాగు అవతల రేకుబొచ్చె టకటకా మోగింది.

“స్వామి వేటకొస్తే ఆయమ్మకు పిట్టల గోల!” అని ఎవరో అన్నారు. జనం నవ్వారు.

మద్దిలేటి గంప బోర్లించాడు.

కుందేలు ఒక్క క్షణం చెవులు నిక్కించింది. ఆ మీదట నేలకు అంటుకుని బాణంలా పోయింది. జనం కేకలు పెట్టారు. ఓబులేసు తాడు వదలగానే కుక్కలు ఉరికాయి. మొదటి కుక్క మూతి దాని తోకను తాకబోయింది. మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి కుందేలు మెలిక తిరిగి వాగులోని జమ్ములో దూరింది. కుక్కలూ దూకాయి. పడుచువాళ్లు కర్రలతో జమ్మంతా జల్లెడ పట్టారు. చివరికి కుక్కలు రెండూ బురదలో మునిగి, తుమ్ముకుంటూ బయటికొచ్చాయి. కుందేలు లేదు.

“మూడో ఏడు!” అన్నాడు పెద్దరెడ్డి లేచి నిలబడి. “స్వామికి ఇష్టం లేదురా. ఇంగ మీదట కుందేలును వదిలి దండం పెట్టుకునేదే. ఈ పొలిమేరలో వల గాని, ఉచ్చు గాని కనపడితే నాతో మాట!”

తప్పెట్లు ఒక్కసారిగా లేచాయి. చీకటి పడకముందే ఓబులేసు వలలు మండపానికి వేలాడాయి. కట్టింది అతనే. “స్వామి మీద పందెం కాస్తానా నేను, ఎంత తిక్కోన్ని!” అని చెంపలు వేసుకున్నాడు.

మరునాడు తెల్లవారుజామున మద్దిలేటి దాదాపు పరుగెత్తుకుంటూ తోటకు వచ్చాడు. శనగచాళ్ల నిండా కుందేళ్లు. హనుమంతమ్మ నవ్వుతూ రేకుబొచ్చె తట్టింది. చాళ్లలోంచి ఒక కుందేలు నేరుగా వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చుంది.

దాని కుడిచెవి పచ్చగా ఉంది.

మద్దిలేటి పూలబుట్ట జారవిడిచాడు. “ఇది... నిన్నటిది గదా?”

“నిన్నటిదే. కంచె కింద దాని దోవ దానికుండాది. పిల్లప్పుడు తల్లి సచ్చిపోతే ఈ బొచ్చెలోనే మేకపాలు తాపి సాకినా. ఇది మోగితే యాడున్నా వస్తాది.”

“మరి పోయినేటిది? ముందటేటిది? అవి గూడా వచ్చినాయా?”

హనుమంతమ్మ కొంగు తడిపి దాని చెవి పసుపు మెల్లగా తుడిచింది.

“మూడేండ్లూ ఇదొక్కటే గదన్నా.”