అలివేలుమంగ వాంగ్మూలం

"అలివేలుమంగ గారు ఎవరండీ?" గుమాస్తా కేకేశాడు.

సత్యనారాయణరాజు గారు వరండాలో బల్ల మీంచి లేచి, "పదమ్మా" అన్నారు. ఆమె ముసుగు ముక్కుదాకా లాక్కుని ఆయన వెనకే నడిచింది.

తొంభై ఆరు మే నెల. భీమవరం ట్రావెలర్స్ బంగళాలో ఆ గది కొలిమిలా ఉంది. కడుపుతో ఉండగా వాడిన వాంతుల మాత్రల వల్లే మనవడు హర్షబాబు చేతుల్లేకుండా పుట్టాడని రాజుగారు అర్జీ పెట్టి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ప్రభుత్వం చేసినవి రెండే పనులు. ఆ మాత్రల అమ్మకం ఆపించింది, ఒక విచారణాధికారిని వేసింది. ఆ అధికారి సూర్యప్రకాశం గారు. తప్పు మందుదేనని ఆయన రాస్తే హర్షబాబుకి మద్రాసులో వైద్యం, కృత్రిమ చేతులు, బతికినన్నాళ్ళూ పింఛను. రాయకపోతే ఏమీ లేదు. తల్లి స్వయంగా వచ్చి చెప్పాలన్నది రూలు.

"మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరాయి మగాళ్ళ ముందుకి రారండి. మీరు పట్టుబట్టారని మా కోడల్ని తీసుకొచ్చాను. ముసుగు మాత్రం తియ్యదండి," అన్నారు రాజుగారు.

"తియ్యక్కర్లేదండి. కూర్చోండమ్మా."

రెండోసారి చెప్పాక గానీ ఆమె కూర్చోలేదు. కూర్చున్నా కుర్చీ అంచునే.

మాత్రలు ఎవరు రాశారు? ఎన్నో నెలలో? రోజుకెన్ని? వారం రోజులుగా ఇంట్లో వల్లె వేయించిన జవాబులు. బడిపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. రాజుగారి మొహం తేటపడింది.

అప్పుడు సూర్యప్రకాశం గారు కలం పక్కన పెట్టారు.

"బిడ్డని మొదట ఎప్పుడు చూశారమ్మా?"

వల్లె వేసినవాటిలో ఈ ప్రశ్న లేదు.

"మంత్రసాని చూపించలేదండి," అందామె. "గుడ్డలో చుట్టేసి అటు తిరిగి కూచుందండి. నేనే లాక్కుని విప్పాను. చేతులు గుడ్డలో ఉండిపోయాయేమోనని మడతలన్నీ వెతికానండి. రెండుసార్లు దులిపానండి."

గుమాస్తా రాయడం ఆపేశాడు.

"కాన్పు నర్సింగ్ హోమ్‌లో అని ఉంది, మంత్రసాని ఏంటండీ?" సూర్యప్రకాశం గారు ఫైలు తిరగేశారు.

"నర్సునేనండి. మా ఊళ్ళో అలాగే అంటారు," రాజుగారు గబుక్కున అందుకున్నారు.

గుమాస్తా 'నర్సు' అని రాసుకున్నాడు.

సూర్యప్రకాశం గారు మంచివారే. మంచితనం రాయడానికి ఆ ఫారంలో గడి లేదు, అంతే.

"అమ్మా, మీ మాట నేను నమ్ముతున్నాను. కానీ ఒక్క బిడ్డ అలా పుడితే మందెలా కారణమవుతుందని కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. పైనుంచి నాకొచ్చిన ఆర్డరూ అదే. అవే మాత్రలు వేసుకుని ఇలాంటి బిడ్డని కన్న తల్లి ఇంకొక్కరుంటే చాలు. ఇద్దరికీ నేను రాసిస్తాను. మీ ఊళ్ళో గానీ, చుట్టుపక్కల గానీ ఎవరైనా ఉన్నారా?"

ఆమె తలెత్తి రాజుగారి వైపు చూసింది. ఆయన కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నారు.

"ఆలోచించుకుని చెప్పండమ్మా. విచారణ ఇవాళ్టితో ఆఖరు."

మాట గొంతుదాకా వచ్చింది. పైకి అంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మింగేస్తే ఏమవుతుందో అదీ తెలుసు. ఇంత ఘోరమైన ఇరుకులో మనిషిని పెట్టకూడదు.

"లేరండి," అంది.

"బాగా గుర్తు చేసుకోండి."

"నాకు తెలిసి ఇంకెవరూ లేరండి."

రాజుగారు కళ్ళు మూసుకున్నారు. గుమాస్తా కాగితం ముందుకి జరిపాడు. 'అలివేలుమంగ' అని సంతకం పెట్టడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"ఒక్క కేసుతో నేనేమీ రాయలేను, రాజుగారూ. క్షమించండి," అని సూర్యప్రకాశం గారు ఫైలు కట్టేశారు.

దారిపొడుగునా కారులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కారు దొడ్లో ఆగగానే అలివేలుమంగ గారు హర్షని ఎత్తుకుని గుమ్మంలోకి ఎదురొచ్చి, "ఏమన్నారే పాపాయీ?" అని ఆత్రంగా అడిగారు గానీ, కారు దిగిన పనిమనిషి పాపాయి ముసుగు తీసేసి, ఇద్దరూ కడుపుతో ఉన్న రోజుల్లో ఆవిడే జాలిపడి "నువ్వూ వేసుకోవే" అని ఇచ్చిన మాత్రలు మింగి కన్న తన చేతుల్లేని కూతుర్ని గోడవారనున్న గోనెపట్టా మీంచి ఎత్తుకుంది.