కథలు చెప్పకూడని బల్ల

"అస్తరు దారం వెలిగింది. ఇక చెప్పేదేముంది," అంటూ ఫోల్క్‌మార్ చేతిలోని ఊదారంగు దీపం ఆర్పాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు బీరు గ్లాసులు దించారు.

బల్ల మీద యుద్ధకాలం నాటి జర్మన్ అధికారి టోపీ. బూడిదరంగు ఉన్ని, నీలం గోటు, నుదుటి మీదికి చూరులా వంగిన నల్లటి గట్టి అట్ట.

జర్మనీలోని ఊల్ట్‌సెన్‌లో ఆ సత్రం వెనకగది నెలకోసారి పాత టోపీలు సేకరించేవాళ్ళది. గోడకి అవతల జనం బంతులు దొర్లించి చెక్కబొమ్మలు పడగొడుతుంటారు. ఇవతల వీళ్ళు టోపీల పరువు పడగొడుతుంటారు.

ఫోల్క్‌మార్ మాటే అక్కడ తీర్పు. నకిలీ అని తేలితే అక్కడికక్కడే కత్తెరతో చూరు కోసేస్తారు, మళ్ళీ ఎవడూ ఎవడికీ అంటగట్టకుండా.

"పాత దారం ఈ దీపం కింద చచ్చినట్టు పడుంటుందిరా ఎగోన్. ఇది పెళ్ళికూతుర్లా మెరిసింది."

టోపీ కొనుక్కొచ్చిన ఎగోన్ గొణిగాడు. "అస్తరు విప్పి మళ్ళీ కుట్టి ఉండొచ్చుగా. గుడ్డ పాతదే. వాసన చూడు."

ఫోల్క్‌మార్ తెల్ల గ్లౌజులతో టోపీ ఎత్తి, లోపల ముక్కు పెట్టాడు.

"వాసన సరే, మరక చూడు. తల చెమట నుదుటిపట్టీకి పడుతుంది. ఇది నడినెత్తిన పడింది. ఎవడో టీ పోసి దీన్ని ముసలిదాన్ని చేశాడు."

"మీ ఆవిడ కాఫీ అయ్యుంటుంది," అన్నారెవరో. అందరూ నవ్వారు.

"ముందుండాల్సిన సైన్యం గద్ద బిళ్ళ కూడా లేదు," అన్నాడు ఫోల్క్‌మార్. " పీకిపారేసిన చిరుగులు. చేతకాని పని."

తలుపు దగ్గర ఒక ముసలాయన దగ్గాడు. బాగా చిన్న మనిషి. ఆయన కోటు వేసుకున్నట్టు లేదు, కోటే ఆయన్ని వేసుకున్నట్టుంది.

"దాన్ని కొయ్యకండయ్యా."

"తమరెవరు?"

"కాల్‌వైట్ అంటారు. కంప్యూటర్లో మీరు పెట్టిన ఫొటో మా అమ్మాయి చూపిస్తే వచ్చాను. అది నకిలీ కాదు."

"మీరూ టోపీలు సేకరిస్తారా?"

"వాటి సంగతి నాకేం తెలీదు. మా అమ్మ..."

ఫోల్క్‌మార్ చెయ్యెత్తాడు. "ఆగండి. ఈ బల్ల దగ్గర కథలు చెప్పకూడదు. మా నియమం."

నిజంగానే నియమం. ప్రతి దొంగ టోపీ ఎవరో తాతగారి కథ వెంటేసుకునే వస్తుంది. టోపీ ఎంత దొంగదైతే తాత అంత గొప్పవాడు. అలా మోసపోయి మోసపోయి, గుడ్డా దారం తోలు తప్ప ఇంకేదీ సాక్ష్యం కాదని ఒట్టు పెట్టుకున్నారు.

"కథ కాదయ్యా, జరిగిందే."

"అందరూ అదే అంటారు పెద్దాయనా. సరే, ఇది మీరెప్పుడైనా పెట్టుకున్నారా?"

"తల మీదా? లేదు."

"మీ నాన్నగారు?"

"ఆయన మామూలు సిపాయి. ఇది ఆయనది కాదు."

"మీదీ కాదు, మీ నాన్నదీ కాదు. మరి మీకెందుకండీ నొప్పి?"

ముసలాయన నోరు తెరిచాడు. వరసగా అన్ని మొహాలూ చూశాడు. ఏ మొహమూ వినేట్టు లేదు.

"కొయ్యకుండా నాకివ్వండి. ఎంతంటే అంతకి కొనుక్కుంటాను."

"నకిలీది కొయ్యకుండా గడప దాటదు."

కొయ్యాలన్నవాళ్ళ చేత చేతులెత్తించారు. అన్నిటికన్నా ఆఖర్న ఎగోన్ చెయ్యి లేచింది.

కత్తెర పడింది. అట్ట ఓ పట్టాన తెగలేదు. ఫోల్క్‌మార్ లేచి నిలబడి, బరువంతా వేసి నొక్కాల్సొచ్చింది.

"దొంగది ఇంత గట్టిగా ఉండదే," అన్నాడు ఎగోన్.

ఎగోన్ చూరు లేని టోపీని ముసలాయన వైపు నెట్టాడు. "పట్టుకెళ్ళండి. డబ్బులొద్దు."

ఆయన వట్టి చేతులతో తీసుకున్నాడు. టోపీ తీసుకునే తీరు కాదది. బోర్లించకుండా వెల్లకిలా పట్టి, అడుగున అరచెయ్యి పెట్టి, కోటు లోపల గుండెకి ఆనించి బొత్తాలు పెట్టుకున్నాడు.

"ఉంటానయ్యా."

కాసేపటికి ఒకావిడ వచ్చింది. "మా నాన్న చేతికర్ర మరిచిపోయారట."

కర్ర గోడకుంది. ఆమె కళ్ళు మాత్రం బల్ల మీది నల్ల ముక్క దగ్గర ఆగిపోయాయి.

"కోసేశారా?"

"నకిలీదమ్మా," అన్నాడు ఫోల్క్‌మార్ నెమ్మదిగా. "దారం కొత్తది."

"కొత్తదే. యుద్ధమయ్యాక ఎన్నో ఏళ్ళకి మా నాన్నమ్మ కుట్టింది. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు సామాన్లతో పాటు దాన్నీ ఎత్తుకుపోయారు. పాత దారం మంచు మీదే అయిపోయింది."

"మంచు మీదా?"

"యుద్ధం ఆఖర్న రష్యా సైన్యం వస్తోందని తూర్పు ప్రష్యా నుంచి జనం పారిపోతున్నారు. సముద్రపు పాయ గడ్డకడితే దాని మీదే బళ్ళు తోలారు. బండిలోనే నాన్నమ్మకి నొప్పులు. నెలలు నిండలేదు. దారినపోయే మిలట్రీ డాక్టరొకాయన కాన్పు చేశాడు. బొడ్డు కట్టడానికి ఏమీ లేక, తన టోపీ అస్తరు దారం లాగాడు."

నీలం గోటు వైద్యాధికారులదని అక్కడ తెలియనివాళ్ళు లేరు.

"తడి బిడ్డని ఆ టోపీలోనే పడుకోబెట్టి నాన్నమ్మ రొమ్ముకి కట్టాడట. వెనకున్న ముళ్ళు లోపల బిడ్డకి గుచ్చుకుంటాయని గద్ద బిళ్ళ పీకి మంచులోకి విసిరేశాడట. పేరైనా చెప్పకుండా పక్కబండికి వెళ్ళిపోయాడు."

ఫోల్క్‌మార్ గ్లౌజులు విప్పాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

ఎగోన్ లేచి నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ లేచారు.

"ఆ బిడ్డ బతికాడా అమ్మా?" అన్నాడు ఫోల్క్‌మార్.

ఆమె గోడకున్న కర్ర చేతిలోకి తీసుకుంది.

"ఇందాక మీరు మాట్లాడనివ్వలేదటగా, ఆయనే."