చెమట పట్టిన ట్యాంకు

“చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది అల్లుడుగారూ. కాస్త గురి చూసుకోవచ్చు కదా!”

అత్తగారు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని టాయిలెట్ గుమ్మంలో నిలబడింది. లోపల కమోడ్ చుట్టూ మళ్లీ మడుగు. పొద్దుటినుంచి తుడవడం ఇది నాలుగోసారి.

అల్లుడికి తల తీసేసినట్టయింది. “నేను కాదండీ అత్తయ్యగారూ. ఆ ఫ్లష్ ట్యాంకుకి చెమట పడుతోంది. చూడండి, ఎలా కారుతోందో!”

“ట్యాంకుకి చెమటేమిటి బాబూ? అదేమన్నా మూటలు మోసిందా?”

కూతురు నవ్వాపుకోలేక బాల్కనీలోకి పారిపోయింది. అత్తగారు మాత్రం నవ్వే స్థితిలో లేదు.

“చెమటో, కారడమో, ఏదైతేనేం? అసలందులో ఉన్నవి ఏం నీళ్లు? బిల్డింగులో నలభై కొంపల మురుగూ కింద మెషిన్లో వడకట్టి, మళ్లీ ఈ ఫ్లష్ ట్యాంకులకే తోలుతున్నారట! ఛీ, తలుచుకుంటేనే డోకొస్తోంది. ఈ ఇంట్లో దిగి నెలయింది, ఒక్కపూట తిన్నది వంటబట్టిందా నాకు?”

తిడుతూనే గుడ్డ పట్టుకుని వంగింది. ట్యాంకు అడుగునుంచి ఒక చుక్క జారి టప్పున ఆవిడ చేతి మీద పడింది.

ఆవిడ కెవ్వుమంది. వంటింట్లోకి పరుగెత్తి, కుళాయి కింద మోచేతుల దాకా మూడుసార్లు సబ్బేసి రుద్దుకుంది. అయినా మనసొప్పలేదు. దోసిలి పట్టి నోరు కూడా పుక్కిలించింది. ఆ కుళాయి నీళ్లు కాస్త వెచ్చగా, కాస్త బ్లీచింగు మందు వాసనతో వస్తాయి. ఆ మందు వాసన మీద ఆవిడకి మహా నమ్మకం. కూతురు ఫిల్టరు కొంటానంటే, ఇంత శుభ్రమైన నీళ్లకి ఫిల్టరెందుకని మాన్పించింది కూడా ఆవిడే.

“ఇవాళ తేలిపోవాలి. తప్పు ట్యాంకుదైతే సరే. కాకపోతే రేపటినుంచి అల్లుడుగారు కింద వాచ్‌మన్ టాయిలెట్‌కి వెళ్లాల్సిందే” అని తీర్పు చెప్పేసింది.

అల్లుడు వెంటనే బిల్డింగు ప్లంబరుకి ఫోన్ చేశాడు. తన పరువు ఇక అతని చేతిలోనే ఉంది.

ప్లంబరు ఎండలో పడి వచ్చాడు. “ముందు మంచినీళ్లు తాగు నాయనా” అంటూ అత్తగారు వంటింటి కుళాయి తిప్పి గ్లాసు నింపి ఇచ్చింది. పని చూశాక తాగుతానని గ్లాసుతోనే టాయిలెట్‌లోకి నడిచి, దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. ట్యాంకుని పొడిగుడ్డతో తుడిచి చూశాడు. నిమిషంలో మళ్లీ ముత్యాల్లా చుక్కలు లేచాయి.

“ఇది లీకు కాదమ్మా, చెమటే. లోపల నీళ్లు చల్లగా ఉండి బయట ఉక్కగా ఉంటే ఇంతే. ఐసు నీళ్ల గ్లాసుకి పట్టినట్టే.”

“విన్నారా అత్తయ్యగారూ!” అల్లుడి గొంతులో నెల్లాళ్ల అవమానం పొంగుకొచ్చింది.

“విన్నాలెండి” అత్తగారు ముఖం చిట్లించింది. “లోపల ఉన్నది ఆ పాడునీళ్లేగా!”

ప్లంబరు ఆ మాట వినిపించుకోలేదు. నుదురు గోక్కున్నాడు. “మిగతా ఏ ఫ్లాట్లోనూ ట్యాంకుకి చెమట పట్టలేదే. మంచినీళ్లయితే కింద సంపులోంచి చల్లగా వస్తాయి, ఫ్లష్ నీళ్లు డాబా మీదనుంచి వస్తాయి. ఈ ఎండలకి చెయ్యి పెడితే కాలాలి.”

మూత తీసి ట్యాంకులో చెయ్యి ముంచాడు. చల్లగా ఉన్నాయి. కిటికీ మీది గ్లాసుని తాకి చూశాడు. వెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం అదోలా పెట్టి, అందులోని నీళ్లన్నీ కమోడ్‌లో గుమ్మరించాడు.

“అదేమిటయ్యా, మంచినీళ్లు!”

ప్లంబరు రెంచీ తీశాడు. ట్యాంకుకి వచ్చే పైపు వదులు చేసి, అందులోంచి కారే నీళ్లతో గ్లాసు తొలిచి, మళ్లీ నింపుకుని గటగటా తాగేశాడు.

అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. “ఛీ ఛీ! మనిషివేనా నువ్వు? టాయిలెట్ నీళ్లు తాగుతావా?”

ప్లంబరు మూతి తుడుచుకున్నాడు.

“నేను కాదమ్మా. పైపులు తారుమారయ్యాయి, నెలరోజులుగా అవి తాగుతోంది మీరు.”